రెండు కాగితాల మధ్య అరిగిపోయే కాంటాక్టు

జారుతూ కరెంటు మోసే కాంటాక్టులకు స్పెసిఫికేషన్లు రాసే ఇంజనీర్లకు, వాటికి ఆమోదముద్ర వేసే ప్రమాణాల సంఘాల సభ్యులకు బహిరంగ లేఖ



ఒక లోహం మీద మరో లోహం జారుతూ, అదే చోట కరెంటు కూడా దాటాల్సి వస్తే అక్కడి కందెనకు రెండు కొలువులు. రాపిడిని తగ్గించాలి, కరెంటు దారికి అడ్డం పడకూడదు. మామూలు కందెనలు మొదటి కొలువు చేస్తూ రెండోదాన్ని చెడగొడతాయి. కార్బన్ నానోట్యూబుల పూత రెండూ కలిపి చేయగలదన్న ఆశ మీదే ఇన్నేళ్ల పరిశోధన నడిచింది. ఆ ఆశ ఎంతవరకు నిజమో తేల్చాల్సినవి మీ పరీక్షా పత్రాలు. వాటిలో చాలాచోట్ల రాపిడి ఒక కాగితం మీద, నిరోధం ఇంకో కాగితం మీద ఉంటాయి. మొదటిదానికి మెకానికల్ విభాగం సంతకం, రెండోదానికి ఎలక్ట్రికల్ విభాగం సంతకం. కొలతలు వేర్వేరు నమూనాల మీద, వేర్వేరు రోజుల్లో, అదీ కొత్తగా వేసిన పూత మీద. వాడుకలో ఆ కాంటాక్టు ఒక్కటే కదా, పరీక్షలో రెండెలా అయింది?

కార్బన్‌తో కందెన తెలుగునాట కొత్త సంగతి కాదు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి ఎడ్లబండి ఇరుసుకు పూసేవారు. ఆ ఇరుసుకు కరెంటు పూచీ లేదు, మిక్సీకి ఉంది. మిక్సీ మోటారులో తిరిగే రాగి పలకల మీద రెండు చిన్న గ్రాఫైటు ముక్కలు స్ప్రింగు ఒత్తిడితో ఆని ఉంటాయి. రిపేరు షాపులో వాటిని ‘కార్బన్లు’ అంటారు. పచ్చడి రుబ్బుతుంటే కింది సందుల్లోంచి నీలి రవ్వలు కనిపించి కాలిన వాసన వస్తే, కార్బన్లు అరిగాయని షాపతను మిక్సీ విప్పకుండానే చెప్పేస్తాడు. రాపిడి, కరెంటు రెండూ ఒకేసారి చెడడమే ఆ రవ్వ. అతనికి అవి రెండు విభాగాలు కావు.

ఇదే జంట బాధ్యత పెద్ద ఎత్తున రైలు తీగ మీద కనిపిస్తుంది. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి తలెత్తితే, కింద పట్టాలు తిన్నగా పోతున్నా పైనున్న రాగి తీగ తిన్నగా ఉండదు. ఒక స్తంభం దగ్గర కుడికి, తర్వాతి స్తంభం దగ్గర ఎడమకు, మధ్యగీత నుంచి 200 మిల్లీమీటర్ల చొప్పున జరిగి ఉంటుంది. తీగ తిన్నగా ఉంటే ఇంజన్ పైన తీగను తాకుతూ కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ పట్టీ ఒకే గీత మీద రంపంతో కోసినట్టు అరిగేది. వంకరగా లాగడం వల్ల అరుగుదల పట్టీ అంతటా పరుచుకుంటుంది. 25 వేల వోల్టుల తీగను అలా లాగినవారు రాపిడినీ కరెంటునూ ఒకే కాగితం మీద చూశారు. చిన్న కాంటాక్టుకు వచ్చేసరికి ఆ చూపు ఎటు పోయింది?

లోహపు తలం ఎంత నునుపుగా కనిపించినా సూక్ష్మంగా గుట్టలు, లోయలే. రెండు తలాలు కలిసినప్పుడు నిజంగా తాకేవి కొన్ని బొడిపెల కొసలు మాత్రమే. కరెంటంతా ఆ కొసల్లోంచే ఇరుక్కుని పోవాలి. కాంటాక్టుల శాస్త్రానికి పునాది వేసిన రాగ్నర్ హోల్మ్ ఈ ఇరుకుకు తేలికైన లెక్క ఇచ్చాడు: లోహపు నిరోధకతను తాకే చుక్క వ్యాసంతో భాగిస్తే ఆ చుక్క నిరోధం వస్తుంది. రాగి మీద 20 మైక్రాన్ల వ్యాసం ఉన్న ఒక్క చుక్కకు అది దాదాపు 0.85 మిల్లీఓమ్. పది ఆంపియర్లు పోతే అక్కడ పుట్టే వేడి వాట్‌లో పదో వంతు కూడా ఉండదు. వంద ఆంపియర్లయితే ఎనిమిదిన్నర వాట్లు. ఆవగింజలో వందో వంతు కూడా లేని చోట ఎనిమిదిన్నర వాట్లంటే మాటలు కాదు. ఒక చుక్క దగ్గర వోల్టేజి 0.12 వోల్టులకు చేరితే రాగి మెత్తబడుతుంది, 0.43 దగ్గర కరుగుతుంది. వేడెక్కిన ప్లగ్గు పిన్ను, నల్లబడ్డ సాకెట్టు, ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జరు కొసన కరిగిన ప్లాస్టిక్కు... వీటి వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి ఇరుకు చుక్కే. వాటిని వాడేవారికి మీ స్పెసిఫికేషన్ చదివే అవకాశం లేదు, దాని ఫలితం మాత్రం వారి చేతికే తగులుతుంది.

గ్రీజు ఇక్కడ నమ్మదగిన తోడు కాదు. అది కరెంటు మోయదు. బొడిపెలు దాన్ని చీల్చుకుని తాకినప్పుడే దారి దొరుకుతుంది. పైగా దుమ్మును పట్టి ఉంచుతుంది, వేడికి ఎండుతుంది, శూన్యంలో ఆవిరవుతుంది. బంగారం మోస్తుంది, తుప్పు పట్టదు. అయితే కనెక్టర్లలో నికెల్ మీద వేసే బంగారు పొర సాధారణంగా 0.76 మైక్రాన్లు. అది అరిగాక మిగిలేది నికెలే. తగరం చౌక, కానీ కదలికను ఓర్చుకోదు. ఇంజన్ అదురుకో, పగటి వేడికీ రాత్రి చలికీ లోహం సాగి ముడుచుకోవడానికో పిన్ను పది ఇరవై మైక్రాన్లు ముందుకూ వెనక్కూ జరిగినా చాలు. ప్రతి జరుగుడుకూ కొత్త తగరం బయటపడుతుంది, ఆక్సైడ్ అవుతుంది, పొడై అక్కడే పేరుకుంటుంది. బైకు మెకానిక్ ఏ భాగమూ మార్చకుండా కనెక్టర్‌ను ఒకసారి ఊడదీసి మళ్లీ గుచ్చితే ఇండికేటరు వెలగడంలోని రహస్యం ఇదే. పొడి పక్కకు తప్పుకుంది. మళ్లీ వస్తుంది.

ఘన కందెనల చరిత్ర మొత్తం పరిసరాలు నేర్పిన పాఠం. గ్రాఫైటు పొరలు తేలిగ్గా జారుతాయి, కరెంటు మోస్తాయి. కానీ ఆ జారుడు గ్రాఫైటు సొంత గుణమని చాలాకాలం పొరబడ్డారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు బాగా ఎత్తున ఎగిరినప్పుడు వాటి జనరేటర్లలోని కార్బన్ బ్రష్‌లు చూస్తుండగానే పొడైపోయాయి. అంత ఎత్తున గాలిలో తేమ లేకపోవడమే కారణం. గ్రాఫైటు అంచులకు నీటి ఆవిరి అంటితేనే పొరలు జారుతాయని రాబర్ట్ శావేజ్ 1948లో ప్రచురించిన పరిశోధన స్పష్టం చేసింది. మరో ఘన కందెన మాలిబ్డినం డైసల్ఫైడ్ స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. శూన్యంలో గొప్పగా జారుతుంది, తేమ తగిలితే రాపిడి పెరుగుతుంది. పైగా అది అర్ధవాహకం, కరెంటు దారికి పూర్తిగా అనువైనది కాదు. అందుకే ఉపగ్రహాల్లో తిరిగే భాగాలకు కరెంటు అందించే స్లిప్ రింగుల్లో దానికి వెండిని కలిపి బ్రష్‌లు చేస్తారు. విశాఖ తీరంలో బతికే కాంటాక్టు, అనంతపురం ఎండలో బతికే కాంటాక్టు ఒకే డ్రాయింగు ప్రకారం తయారవుతాయి. వాటి పరీక్ష మాత్రం 25 డిగ్రీల ఏసీ గదిలో, సగం తేమలో ఒక్కసారి జరిగితే చాలని ఎవరు నిర్ణయించారు?

సరైన చోట కాకుండా వేరేచోట అరిగిన కందెన ఎంత నష్టం చేస్తుందో గెలీలియో అంతరిక్ష నౌక చెబుతుంది. దాని 4.8 మీటర్ల ప్రధాన యాంటెన్నా గొడుగులా ముడిచి ఉండేది, 18 ఊచలు. ఊచల పిన్నులకు మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి కందెన. ఛాలెంజర్ షటిల్ ప్రమాదం తర్వాత ప్రయోగం వాయిదా పడడంతో నౌకను కాలిఫోర్నియాకూ ఫ్లోరిడాకూ మధ్య లారీ మీద తిప్పారు. 1989 అక్టోబరులో బయల్దేరింది. 1991 ఏప్రిల్‌లో గొడుగు విప్పబోతే కొన్ని ఊచలు సాకెట్లలోంచి రాలేదు. రోడ్డు ప్రయాణపు అదురుకు పిన్నుల దగ్గర కందెన రాలిపోయిందని తర్వాత నిర్ధారణకు వచ్చారు. సెకనుకు లక్షా 34 వేల బిట్లు పంపాల్సిన నౌక, చిన్న యాంటెన్నాతో ఎన్ని తంటాలు పడినా గురుగ్రహం దగ్గర 160 బిట్ల దగ్గరే ఆగిపోయింది. పూత కొత్తగా ఉన్నప్పుడు చేసిన ఏ పరీక్షలోనూ ఆ లారీ లేదు.

ఇక నానోట్యూబు. తేనెతుట్టెలా అల్లుకున్న కార్బన్ రేకును గొట్టంలా చుట్టినట్టు ఉంటుంది. ఒకే గోడది ఒకటి రెండు నానోమీటర్ల వ్యాసం, పలు గోడలది పదుల నానోమీటర్లు. జపాన్‌లో సుమియో ఇజిమా 1991లో ప్రచురించిన వ్యాసంతో అందరి చూపూ దాని మీద పడింది. అంతకుముందు, 1952లోనే సోవియట్ పరిశోధకులు ఇలాంటి కార్బన్ గొట్టాల చిత్రాలు అచ్చువేశారు, ఎవరూ పట్టించుకోలేదు. నానోట్యూబు రాగి కన్నా గొప్ప వాహకమన్న మాట ప్రచార పత్రాల్లో పదేపదే కనిపిస్తుంది. అందులో ఒక మెలిక ఉంది. ఒకే గోడ ఉన్న లోహపు రకం ట్యూబు ఎంత లోపరహితంగా ఉన్నా, రెండు కొసల మధ్య నిరోధం దాదాపు 6,450 ఓమ్‌ల కన్నా తగ్గదు. అది తయారీ లోపం కాదు, క్వాంటం భౌతికశాస్త్రం గీసిన గీత. పది లక్షల ట్యూబులు పక్కపక్కన నిలబడి, ఒక్కటీ దారి తప్పకుండా మోస్తే మొత్తం ఆరున్నర మిల్లీఓమ్‌లు. అది కాగితం మీది లెక్క. నిజం పూతలో ట్యూబులు గడ్డివాములో పరకల్లా అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. ఒక పరక నుంచి ఇంకో పరకకు దూకే ప్రతిచోటా కరెంటుకు అదనపు సుంకం. ఒకే గోడ ట్యూబులను ఏరకుండా వాడితే మూడింట రెండు వంతులు అర్ధవాహకాలు. కాబట్టి ఒక్క ట్యూబు గుణం చూపించి పూతకు మార్కులు వేయడం గడ్డిపరక బలం చూసి వాము ఎత్తు చెప్పడం లాంటిది.

రాపిడి విషయంలోనూ అంతే. అమెరికాలో 2005లో వెలువడిన ఒక పరిశోధనలో, నిలబడ్డ పైరులా నిటారుగా పెరిగిన ట్యూబుల మీద రాపిడి గుణకం దాదాపు 0.8 వచ్చింది. పడిపోయిన పైరులా అవే ట్యూబులు పడుకుని ఉన్నప్పుడు 0.09. పదార్థం ఒక్కటే, పడక వేరు, తేడా ఎనిమిదింతల పైమాటే. ‘కార్బన్ నానోట్యూబ్ పూత, రాపిడి ఇంత’ అని ఒక్క ముక్క రాసే స్పెసిఫికేషన్‌కు ఇక అర్థమేముంది? నిలబెట్టారా, పడుకోబెట్టారా?

పూత వేసే పద్ధతుల్లో తేలికైనది విద్యుత్ క్షేత్రంతో జమ చేయడం. ఆల్కహాల్‌లో ట్యూబులను విడదీసి, అందులో రెండు లోహపు పలకలు ముంచి వోల్టేజి పెడితే, ఛార్జి ఉన్న ట్యూబులు ఈదుకుంటూ పోయి ఒక పలకకు అంటుకుంటాయి. గుండ్రటి ముక్కైనా, లోపలి మూలలైనా కప్పుతాయి, ఖర్చు తక్కువ. ఛార్జి కోసం మెగ్నీషియం నైట్రేట్ కలిపితే పలక దగ్గర మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కూడా ఏర్పడి జిగురులా ట్యూబులను పట్టి ఉంచుతుంది. పూత రాలదు. కానీ ఆ హైడ్రాక్సైడ్ కరెంటు మోయదు. అతుకు బాగుంటే దారి ఇరుకు, దారి బాగుంటే అతుకు బలహీనం. ఈ బేరం మెకానికల్ కాగితం మీద లాభంగా, ఎలక్ట్రికల్ కాగితం మీద నష్టంగా కనిపిస్తుంది. రెంటినీ పక్కపక్కన పెడితే తప్ప బేరం ఎక్కడ తెగాలో తెలియదు. జర్మనీలోని సార్లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉక్కు మీద ముందు లేజర్‌తో సన్నటి గాళ్లు తీసి, వాటిలో ట్యూబులు నింపే పద్ధతిని 2017లో ప్రచురించారు. పైపూత అరిగినా గాళ్లలో దాగిన నిల్వ బయటికి వస్తూ ఉంటుంది, కందెన చాలాకాలం నిలుస్తుంది. బాగా ఆలోచించిన పని. గాళ్లు పెరిగితే లోహం లోహాన్ని తాకే చోట్లు తగ్గుతాయి కాబట్టి, కరెంటు కాంటాక్టుకు దాన్ని తీసుకునేవారు నిరోధాన్ని కూడా పక్కన పెట్టి చూడాల్సిందే.

విడివిడి పరీక్షలతో వచ్చే అసలు ముప్పు వేరే ఉంది. ట్యూబుల పూత ఉన్న ఒక కాంటాక్టు వేల సార్లు ముందుకూ వెనక్కూ జారుతోందనుకుంటే, మొదట ట్యూబులు నలిగి, పడుకుని, చదునైన కార్బన్ పొరగా మారతాయి. కొంత ఎదుటి లోహానికి అంటుకుంటుంది. రాపిడి తక్కువగా, నిలకడగా ఉంటుంది. నిరోధం కాస్త ఎక్కువగా, అదీ నిలకడగానే ఉంటుంది. ఒక దశలో జారిన జాడ మధ్యలో పూత చిరుగుతుంది, లోహం లోహాన్ని తాకుతుంది. సరిగ్గా అప్పుడే నిరోధం పడిపోతుంది. నిరోధం మాత్రమే చూసే మనిషికి అది శుభవార్త: కాంటాక్టు మెరుగైంది! అదే క్షణంలో రాపిడి పైకి లేచిందని పక్క గదిలోని కాగితం చెబుతుంది, కానీ అది వేరే నమూనా, వేరే రోజు. ఇంకొన్ని వేల జారుళ్లకు ఒరిసిన లోహం ఆక్సైడ్ పొడై నిరోధం మళ్లీ ఎగబాకుతుంది, ఈసారి దిగదు. కరెంటు పరీక్షలో అత్యుత్తమ అంకె వచ్చిన రోజే పూత చచ్చిపోయిన రోజు కావచ్చు. ఆ రోజును రాసుకునే గడి మీ ఫారంలో ఎక్కడుంది?

కొలిచే తీరులోనూ మోసం దాగి ఉంది. ఎక్కువ వోల్టేజితో కొలిస్తే పలచటి ఆక్సైడ్ పొర పగిలి చెడ్డ కాంటాక్టు కూడా మంచిదిలా కనబడుతుంది. తక్కువ స్థాయి సంకేతాలు మోసే కనెక్టర్లకు 20 మిల్లీవోల్టులు, 100 మిల్లీఆంపియర్లు దాటకుండా నాలుగు తీగలతో కొలవాలన్న పద్ధతి అందుకే వచ్చింది. ఆ పద్ధతి మీకు తెలియనిది కాదు. నానోట్యూబ్ పూత పేరు చెప్పగానే దాన్ని సడలించడానికి కారణమేమిటి? అలాగే ఎక్కువ కరెంటు మోసే కాంటాక్టుకు రవ్వలు పుట్టే పరీక్ష విడిగా ఉండాలి. గాలిలో 400, 500 డిగ్రీలు దాటాక ఈ ట్యూబులు కాలిపోవడం మొదలవుతుంది, విద్యుత్ రవ్వ వేడి దానికి ఎన్నో రెట్లు.

అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. ఒకే నమూనా మీద, అది జారుతుండగానే, కరెంటు పోతుండగానే రాపిడినీ నిరోధాన్నీ ఒకే కాల రేఖ మీద నమోదు చేయాలి. వెయ్యి సార్లకు ‘పాస్’ అని ఆపకుండా పూత విఫలమయ్యేదాకా నడపాలి. పొడి గాలిలో ఒకసారి, ఉప్పుతేమ గాలిలో ఒకసారి, నిల్వ ఉంచి అదురుకు గురిచేశాక ఇంకోసారి. ట్యూబు రకం, పొడవు, వ్యాసం, పూత మందం, కలిపిన జిగురు పేరు రాయాలి. చివర జాడను రామన్ పరికరం కింద పెడితే, సెంటీమీటరుకు 1,350, 1,580 తరంగ సంఖ్యల దగ్గర వచ్చే రెండు శిఖరాల నిష్పత్తి ట్యూబులు మిగిలాయా, వట్టి మసి అయ్యాయా అన్న అంచనా ఇస్తుంది. ఇందుకు తగిన చోటు లేదన్న సాకు తెలుగువారి దగ్గర చెల్లదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో కార్బన్ పదార్థాలకు ఒక కేంద్రం, ఇంజనీరింగ్ పూతలకు ఒక కేంద్రం ఒకే సంస్థ గొడుగు కింద ఉన్నాయి. మీ రెండు విభాగాల మధ్య దూరం అంతకన్నా ఎక్కువా?

అరిగిన పూత ఎటు పోతుందన్నది స్పెసిఫికేషన్లలో దాదాపు మాయమైన ప్రశ్న. 2008లో వెలువడిన పరిశోధనల్లో పొడవైన, గట్టి పలుగోడల ట్యూబులు ఎలుకల పొత్తికడుపు పొరలో ఆస్‌బెస్టాస్ లాంటి వాపు కలిగించాయి. పొట్టివి, చిక్కుపడినవి అలా చేయలేదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ 2013లో పనిచోటి గాలికి సిఫారసు చేసిన పరిమితి ఘనపు మీటరుకు ఒక్క మైక్రోగ్రాము. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో ఒక నిర్దిష్ట రకం పలుగోడల ట్యూబును మాత్రమే ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న వరుసలో పెట్టి, మిగతావాటికి ఆధారం చాలదంది. 2022లో యూరప్ రసాయనాల సంస్థ నిపుణుల కమిటీ 30 నానోమీటర్లు, అంతకు మించి లావు, 5 మైక్రాన్లు, అంతకు మించి పొడవు ఉన్న పలుగోడల ట్యూబులను క్యాన్సర్ కారకాలుగా వర్గీకరించాలని అభిప్రాయం ఇచ్చింది. ఇవన్నీ కొలతల మీద ఆధారపడిన తీర్పులు. ‘నానో’ అన్న మాటకు భయపడి అన్నిటినీ తోసేయడం ఎంత తప్పో, ‘కార్బనే కదా, మసే కదా’ అని అన్నిటినీ రానివ్వడం అంతే తప్పు. ట్యూబు కొలతలు రాయని స్పెసిఫికేషన్ ఈ రెండు తప్పులకూ తలుపు తెరిచి పెడుతుంది.

ఆ తలుపు దగ్గర నిలబడేది మీరు కాదు. ప్యానెల్ బోర్డు మూత తీసి, అరిగిన కాంటాక్టు చుట్టూ పేరుకున్న నల్లపొడిని గాలి పైపుతో బుస్సుమని ఊదే టెక్నీషియన్. షెడ్డులో అది రోజువారీ అలవాటు, గ్రాఫైటు బ్రష్‌ల దగ్గర అందరూ చేసే పనే. నానోట్యూబ్ పూత ఉన్న చోట ఆ పొడిని ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి, లేదా సన్నటి ధూళిని ఆపే ఫిల్టరున్న వాక్యూమ్‌తో తీయాలి, ముఖానికి తగిన మాస్కు ఉండాలి, తుడిచిన గుడ్డను సంచిలో మూటకట్టి విడిగా పారేయాలి. ఈ నాలుగు సూచనలు మెయింటెనెన్స్ పుస్తకంలో, ఆ టెక్నీషియన్ చదివే భాషలో, కాంటాక్టు బొమ్మ ఉన్న పేజీలోనే ఉండాలి.